అత్తయ్య చేతికందే ఎత్తులో పెల్లెట్ల పెట్టె

తెల్లవారి అయిదున్నరకి మా ఇంట్లో వినబడే మొదటి చప్పుడు పెల్లెట్లది, అంటే మా స్టవ్‌లో మండించే, పొట్టు నొక్కి చేసిన చిన్న చెక్క గింజలది. అత్తయ్య స్కూపు నింపుకోగానే పెట్టెలో పైనున్నవి జరజరా కిందికి జారతాయి. ఆ తర్వాత స్టవ్ తొట్టిలో పడుతూ గలగల. మళ్లీ జరజర, మళ్లీ గలగల. అలా ఆరుసార్లు. ఆరో స్కూపు అయ్యాక తొట్టి మూత మూసిన చప్పుడు. అది వినబడితే నేను ఇంకో అరగంట నిశ్చింతగా పడుకోవచ్చు. లేచేసరికి హాలు వెచ్చబడి ఉంటుంది.

ఈ పని ఇంత సాఫీగా సాగడానికి మాకు మూడు చలికాలాలు పట్టింది. స్టవ్ ఎంచుకోవడానికి రెండు నెలలు ఆలోచించాం. గొట్టం ఎటు వెళ్లాలి, ప్లగ్ ఎక్కడుండాలి, కింద ఏ రాయి పరవాలి, అన్నీ కాగితం మీద గీసుకున్నాం. పెల్లెట్లు ఎందులో పోసుకోవాలన్న మాట మాత్రం ఒక్కరికీ తట్టలేదు. వచ్చినవి ప్లాస్టిక్ బస్తాల్లోనే కదా, ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాం.

మొదటి చలికాలమంతా బస్తానే. మూల కత్తిరించి గోడకి ఆనించేవాళ్లం. పదిహేను కిలోల బస్తా నిండుగా ఉన్నప్పుడు నిలబడుతుంది, సగమయ్యాక కూలబడుతుంది, ఇంకాస్త తగ్గాక నేల మీద పరుచుకుంటుంది. తీసినప్పుడల్లా నాలుగు గింజలు బయటికి దొర్లేవి. పెల్లెట్ అంటే ఆరు మిల్లీమీటర్ల మందాన గుండ్రటి పుల్లముక్క. నున్నటి టైల్ మీద అది కాలికింద పడిందంటే మనిషిని చక్రం మీద నిలబెట్టినట్టే. జనవరిలో ఒకరోజు పొద్దున చీకట్లో అత్తయ్య కాలు దాని మీద పడింది. సోఫా అంచు పట్టుకుని నిలదొక్కుకుంది కాబట్టి పడిపోలేదు కానీ, ఆ పట్టుకోవడంలో కుడి భుజం పట్టేసింది. అది ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. బరువులన్నీ ఎడమచేత్తోనే ఎత్తుతుంది.

అందుకే పెల్లెట్లు ఎందులో పెట్టుకోవాలన్నది నాకు ఇంటి అలంకరణలో ఒక ముచ్చట మాత్రమే కాదు. అలాగని అందం అక్కర్లేదనీ అనను. చలికాలంలో మా ఇంట్లో అందరం రోజంతా కూర్చునేది ఆ స్టవ్ ఎదురుగానే. మంటతో పాటు దాని పక్కనున్నదీ కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. అత్తయ్య అన్నమాట ఇది: "అమ్మాయీ, రోజూ చూసేది బాగుండాలి, రోజూ ముట్టుకునేది ఇంకా బాగుండాలి."

కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది లేదు. దుంగలు చీల్చి గోడవారగా పేరిస్తే ఆ పేర్పే అందం. ఒక్కో ముక్కకీ బెరడుంటుంది, వలయాలుంటాయి. పెల్లెట్‌కి అలాంటి రూపమేదీ లేదు. పోసిన పాత్ర ఆకారమే దాని ఆకారం. కాబట్టి అందమంతా పాత్రలోనే వెతుక్కోవాలి. నేను వెతికాను. దొరికినవాటిలో చాలా వరకు ఫొటోకి పనికొచ్చేవే, చేతికి కాదు.

ముందు కొన్నది అల్లిన బుట్ట. లోపల గుడ్డ అస్తరు వేసి, స్టవ్ పక్కన పెడితే నిజంగా ముచ్చటగానే ఉంది. రెండు వారాలయ్యాక దాన్ని జరిపి చూస్తే కింద బుట్టంత మేర పసుపుపచ్చటి పొడి. ఎంత మంచి పెల్లెట్లయినా ఒకదానికొకటి రాసుకుని కాస్త పొడి రాలుతూనే ఉంటుంది. గుడ్డ నేతలోంచి అది నెమ్మదిగా కిందికి దిగింది. పైగా మా ఇంట్లో పిల్లి ఉంది. చెక్క పెల్లెట్లని పిల్లుల మలవిసర్జన తొట్టిలో పరవడానికి కూడా వాడతారు, తడిని బాగా పీలుస్తాయి కనుక. మూతలేని బుట్ట కనబడగానే మా పిల్లి దాన్ని తనకోసమే పెట్టారనుకుంది. అప్పుడు తెలిసింది, మూత తప్పనిసరి అని.

తర్వాత జోడు బకెట్లు. తెల్ల ఎనామెల్ పూత, నల్ల అంచు, మూతలు. ఒకటి పెల్లెట్లకి, ఒకటి బూడిదకి. పత్రికల్లో ఇలాంటి జోడీలు బాగా చూపిస్తుంటారు. ఇది చదువుతున్న మీ ఇంట్లో అలా ఉంటే దయచేసి ఇవాళే విడదీయండి. ఒక సాయంత్రం మసక వెలుతురులో మావారు బస్తాలో సగం పెల్లెట్లని బూడిద బకెట్లో పోసేశారు. ఆ మధ్యాహ్నమే స్టవ్ శుభ్రం చేసి ఎత్తిన బూడిద అది. పైకి చల్లగా ఉంది, చెయ్యి పెట్టినా తెలియదు. అడుగున నిప్పుంది. ఇరవై నిమిషాలకి హాల్లో కాలిన వాసన. మూత తీస్తే సన్నగా పొగ. అలాగే ఎత్తి బయట నేల మీద పెట్టి నీళ్లు పోశారు. బూడిదలో కప్పబడిన నిప్పుకణిక రోజుల తరబడి బతికే ఉంటుంది. అప్పట్నుంచి బూడిద డబ్బా ఇంటి బయట, రాతి పలక మీద, బిగుతు మూతతో ఉంటోంది. చూడటానికి కూడా పెల్లెట్ల పాత్రకి ఏమాత్రం పోలిక లేనిదే కావాలని ఎంచుకున్నాం.

పొడుగాటి గాజు జాడీలో పోసి పెట్టడం మీద నాకు ఇప్పటికీ మనసుంది. పెల్లెట్ల రంగు గాజులో తేనెలా కనిపిస్తుంది. కానీ జాడీలో పట్టేది నాలుగైదు కిలోలు, మా స్టవ్‌కి అది నాలుగైదు గంటల మేత. స్టీలు స్కూపు రోజూ గాజుకి తగలడం నాకు ఇష్టం లేదు. అంతటితో వదిలేశాను.

అసలు దెబ్బ తిన్నది రెండో చలికాలంలో, మూతున్న పాత చెక్కపెట్టెతో. సైజు సరిపోయింది, రంగు సరిపోయింది, బల్లపరుపు మూత. ఖాళీ బల్ల కనిపిస్తే ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేం కదా. నేను పూలకుండీ పెట్టాను. చిన్న గాజు కుండీ, రెండు కొమ్మలు, అరగ్లాసు నీళ్లు. దాని అడుగున వెంట్రుకవాసి చీలిక ఉందని నాకు తెలియదు. రోజుకింత చొప్పున నీళ్లు కారి, మూత పలకల సందులోంచి లోపలికి దిగాయి. పైన తడి కనబడలేదు, స్టవ్ వేడికి ఆరిపోయేది.

ఒకరోజు పొద్దున స్టవ్ వెలగలేదు. తొట్టి అడుగున పెల్లెట్లని మంట గిన్నెలోకి తోసే స్క్రూ ఒకటుంటుంది, ఆగర్ అంటారు. మోటారు గుర్రుమంటోంది, అది కదలట్లేదు. ప్లగ్ పీకేసి, తొట్టి ఖాళీ చేసి, చెయ్యి పెట్టి చూస్తే అడుగున మెత్తగా తగిలింది. తీస్తే పిడికెడు ముద్ద. నలిపితే వేళ్లమధ్య తడి రంపపు పొట్టు. పెట్టె అడుగున చూస్తే ఒక మూలంతా అదే. పెల్లెట్లు తమ మందానికి రెండింతలు ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకుని, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అత్తయ్య పాపం పొద్దుటి చీకట్లో రెండు స్కూపులు ఆ మూలలోంచే తీసింది. స్క్రూ సందుల్లో ఇరుక్కున్నదాన్ని చెక్కపుల్లతో గోకి, వాక్యూమ్‌తో లాగి, మళ్లీ గోకి, బాగుచేసేసరికి మధ్యాహ్నమైంది. ఇల్లంతా చల్లబడిపోయింది.

ఆ ముద్దని చేతిలో పట్టుకున్నప్పుడే పెల్లెట్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది. కోత మిల్లుల్లో మిగిలే పొట్టుని ఆరబెట్టి, ఇనుప అచ్చు రంధ్రాల్లోంచి గట్టిగా నొక్కితే, ఆ ఒత్తిడికి పుట్టే వేడిలో చెక్కలోనే ఉండే లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థం మెత్తబడి, చల్లారాక బిగుసుకుంటుంది. పెల్లెట్‌ని పట్టి ఉంచేది ప్రధానంగా అదే. దాని మీద కనిపించే నిగారింపూ దానివల్లే. 1970ల్లో చమురు ధరలు మండిపోయినప్పుడు ఈ పొట్టుని ఇంధనంగా వాడే ఆలోచన ఊపందుకుంది. మంచి రకం, అంటే బస్తా మీద ఏ1 అని ఉండే రకంలో తేమ నూటికి పది మించకూడదు, బూడిద 0.7 శాతం దాటకూడదు. కట్టె తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, మళ్లీ కట్టే అవుతుంది. పెల్లెట్ తడిస్తే ఎంత ఆరబెట్టినా మళ్లీ పెల్లెట్ కాదు. వచ్చినచోటికే, పొట్టులోకే వెళ్లిపోతుంది.

ఇక కొనడం మానేసి, మేమే చేసుకుందామని కూర్చున్నాం. మొదట తేల్చుకున్నది పెట్టె ఎలా ఉండాలన్నది కాదు, ఎంత పట్టాలన్నది. బొమ్మల్లో చూసినవన్నీ పెద్ద పెద్ద గాదెలు. స్టవ్ పక్కన నెల సరుకు నిల్వ ఉంటే గొప్పగానే ఉంటుంది. కానీ నెల సరుకుకి స్టవ్ పక్కన పనేముంది? వేడి దగ్గర అంత చెక్క ఎందుకు? అడుగునున్నది నెలల తరబడి అక్కడే నలిగి పొడవుతుంది కూడా. మాకు బాగా చలి రోజుల్లో రోజుకి పన్నెండు కిలోలు ఖర్చవుతాయి. రెండు బస్తాలు, ముప్ఫై కిలోలు పడితే రెండున్నర రోజులు. అంతకంటే ఎక్కువ హాల్లో ఉండకూడదనుకున్నాం. ఇప్పటిదాకా ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఈ సంగతే. పాత్ర అందంగా లేదని బాధపడేవాళ్లలో చాలామంది సమస్య పాత్ర కాదు, అందులో పెట్టాలనుకున్న పరిమాణం. తగ్గించి చూడండి, సగం అందం దానంతటదే వస్తుంది.

లెక్క సులువే. పెల్లెట్లు ఘనపు మీటరుకి 600 నుంచి 750 కిలోల దాకా తూగుతాయి. నేను 650 అనుకున్నాను. అంటే పదిహేను కిలోల బస్తాకి సుమారు 23 లీటర్ల చోటు, రెండిటికి 46. కొంచెం ఖాళీ ఉండాలి కాబట్టి యాభై లీటర్లు.

తర్వాత ఎత్తు. అత్తయ్యని గోడవార నిలబెట్టి, ఎడమచెయ్యి వదులుగా వేలాడదీయమని, పిడికిలి దగ్గర పెన్సిల్ గీత పెట్టాను. నేలకి 64 సెంటీమీటర్లు. చేతిలో స్కూపు ఉంటే దాని మూతి ఇంకో పాతిక కిందికి వస్తుంది. కాబట్టి పెల్లెట్లు నేలకి 40 సెంటీమీటర్ల ఎత్తులో దొరికితే ఆవిడ నడుం వంచక్కర్లేదు. పై నుంచి తీసే పెట్టెలో ఇది కుదరదు. సరుకు తగ్గేకొద్దీ చెయ్యి లోతుకి పోవాలి. అందుకే తీసే దారి కింద, పోసే దారి పైన. పైన బస్తా వంచేది మావారు, కింద స్కూపుతో తీసేది అత్తయ్య. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ముందు పోసింది ముందు బయటికొస్తుంది. అడుగున పాత సరుకు మిగిలిపోవడమన్నది లేదు.

కింది నుంచి రావాలంటే అడుగు వాలుగా ఉండాలి. ఎంత వాలు? అక్కడ ఒక ఆదివారం పోయింది. నేను కంటితో చూసి, ముప్ఫై డిగ్రీలు చాలనుకుని, పలక బిగించి, పెల్లెట్లు పోశాను. మూతి దగ్గరున్నవి వచ్చాయి, వెనకవి గోడలా నిలబడిపోయాయి. మా అమ్మాయి చూసి, పాత పేపరు పరిచి, దాని మీద పెల్లెట్లు కుప్పగా పోసి, తన జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి ఆ కుప్ప పక్కన ఆనించింది. దాదాపు ముప్ఫై అయిదు. అంటే అంత వాలు దాకా పెల్లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా నిలబడతాయి. దానికంటే బాగా నిటారుగా ఉంటేనే జారతాయి. పెద్ద నిల్వ గదుల్లో కూడా అడుగు పలకలు నలభై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలుతో కడతారని తర్వాత చదివాను. పలక విప్పి నలభై అయిదుకి మార్చి, పైన నున్నటి లామినేట్ షీటు అతికించాం. ఈసారి పోయగానే జలజలా మూతిలోకి వచ్చి, అంచు దగ్గర బుద్ధిగా ఆగాయి. మా అమ్మాయి మొహం చూడాలి అప్పుడు.

కావాల్సినవాళ్లు రాసుకోండి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్. లోపల వెడల్పు 34, లోతు 34 సెంటీమీటర్లు. ముందువైపు పలక ఎత్తు 55, వెనకవైపు 65. కింద 38 సెంటీమీటర్ల కాళ్లు. మూతి ఎత్తు 12, దాని ముందు అరచేయంత అంచు, దానికి అయిదు సెంటీమీటర్ల అడ్డు. వాలు పలక తీసేసుకునే చోటు పోగా మిగిలేది యాభై లీటర్లకి కొంచెం తక్కువ. మొత్తం ఎత్తు వెనక 103. మా స్టవ్ ఎత్తు 104. ఇది అనుకోకుండా కుదిరింది కాదు, అత్తయ్య చెయ్యి ఎత్తుకీ స్టవ్ ఎత్తుకీ రెండిటికీ కుదిరేలా కాళ్లని సర్దుకున్నాం. పక్కపక్కన నిలబడ్డ రెండు వస్తువులు ఒకే భుజం ఎత్తులో ఉంటే కంటికి హాయిగా ఉంటుంది. అంత సన్నటి పెట్టె నిండుగా ఉన్నప్పుడు ముందుకి తూలకుండా వెనక రెండు ఇనుప కోణాలతో గోడకి బిగించాం. ఈ పని మాత్రం వదిలేయకండి, పిల్లలున్న ఇళ్లలో అసలే వదిలేయకండి.

వెనక పొడుగు, ముందు పొట్టి ఎందుకంటే మూత వాలుగా రావడానికి. దాని మీద పూలకుండీ నిలబడదు. కప్పు నిలబడదు, ఫోన్ నిలబడదు, తడి టవలు ఆరేసినా జారిపోతుంది. ఇంటికొచ్చినవాళ్లు ఈ వాలు చూసి డిజైన్ చాలా బాగుందంటారు. పూలకుండీ సంగతి అప్పుడు చెబుతాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం బయటికి కనబడదు. వాలు పలక చివరి ఎనిమిది సెంటీమీటర్లు చెక్క కాదు, మూడు మిల్లీమీటర్ల రంధ్రాలున్న స్టీలు రేకు. మూతిలోకి జారే పెల్లెట్లు దాని మీదుగా దొర్లుతాయి. పొడి, తునకలు రంధ్రాల్లోంచి కింద ఉన్న పల్చటి సొరుగులో పడతాయి. జల్లెడ పట్టే పని పెట్టే చేసేస్తుంది. వారానికోసారి సొరుగు లాగితే గుప్పెడు, ఒక్కోసారి రెండు గుప్పిళ్లు. చేతిలోకి తీసుకుంటే గోధుమరంగులో, పిండిలా, తాజా చెక్క వాసన వేస్తూ. చూడటానికి ఎంతో సాధువుగా ఉంటుంది కానీ స్టవ్‌లోకి వెళ్తే ఇదే స్క్రూ సందుల్లో పేరుకుంటుంది, మంట గిన్నె గాలి రంధ్రాల్ని మూసేస్తుంది. మంట పసుపు తగ్గి ఎర్రగా, బద్ధకంగా మారి, అద్దం నల్లబడుతుంది. సొరుగు పెట్టాక అద్దం తుడవడం రెండు రోజులకోసారి నుంచి వారానికోసారికి తగ్గింది. ఆ పొడిని మాత్రం మండుతున్న స్టవ్‌లో విసరకండి. గాల్లో రేగిన చెక్కపొడి భగ్గుమంటుంది. మేము తోటలో మొక్కల మొదట్లో పల్చగా చల్లేస్తాం.

ముందు పలకకి నిలువునా అయిదు సెంటీమీటర్ల వెడల్పున గాజుపట్టీ పెట్టాం, లోపల ఎంతుందో తెలియడానికి. మొదట అక్రిలిక్ అనుకున్నాం. ఒక ముక్క తెచ్చి రెండు రోజులు పెల్లెట్లలో పెట్టి చూస్తే పొడంతా దానికి అంటుకుపోయింది, తుడిచినకొద్దీ ఇంకా అంటుకుంటుంది. గాజుకి ఆ బాధ లేదు. సాయంత్రం మంట వెలుగు ఆ పట్టీ మీద పడితే, జాడీ మీద నాకున్న ముచ్చట కూడా తీరిపోయింది. రంగు గురించి ఒక్క మాట. తెల్లగా ఉంటే మంచివి, నల్లగా ఉంటే చెడ్డవి అని చాలామంది అనుకుంటారు. చెట్టు రకాన్ని బట్టి, ఆరబెట్టిన తీరుని బట్టి కూడా రంగు మారుతుంది. నేను చూసేది మూడే: పైన నిగారింపు ఉందా, పగుళ్లు తక్కువున్నాయా, గ్లాసు నీళ్లలో వేస్తే మునుగుతోందా. గట్టిగా నొక్కిన పెల్లెట్ మునుగుతుంది.

దూరం సంగతి. మా స్టవ్ పుస్తకంలో మండే వస్తువులు పక్కల 20, ముందు 80 సెంటీమీటర్ల లోపల ఉండకూడదని ఉంది. మీ స్టవ్ అంకెలు వేరే ఉండొచ్చు, పుస్తకంలోనో వెనక అతికించిన ప్లేటు మీదో చూసుకోండి. పక్క దూరం అనుమతించినదానికంటే ఎక్కువే వదిలాం, యాభై. అద్దం ముందున్న చోటు మాత్రం పూర్తిగా ఖాళీ, అటువైపే వేడి నేరుగా కొడుతుంది. పెట్టె పెట్టిన మొదటి రోజు స్టవ్‌ని గరిష్ఠంగా రెండు గంటలు మండించి, అయిదు నిమిషాలకోసారి చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన దాటలేదు. అంతగా అనుమానించాలా అంటే, అవును, నిప్పు పక్కన చెక్క పెడుతున్నప్పుడు అనుమానించాలి. వార్నిష్ బయట మాత్రమే వేశాం, నీళ్లతో కలిపే రకం. లోపల వేస్తే పెచ్చులు ఊడి పెల్లెట్లలో కలుస్తాయి. అవిసె నూనె రాసే అలవాటున్నవాళ్లు, రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట పరిచి ఆరబెట్టండి.

మూతకి రబ్బరు పట్టీ వేసి గాలి చొరకుండా బిగిద్దామని మావారు అన్నారు, తేమ తగలకుండా ఉంటుందని. నేను వద్దన్నాను. నిల్వ ఉన్న పెల్లెట్లు, ముఖ్యంగా కొత్తగా తయారైనవి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని వదులుతాయి. మా పెట్టెలోని ముప్ఫై కిలోల వల్ల హాల్లో భయపడాల్సింది లేదు. కానీ పెద్ద నిల్వల్లో అది ప్రాణాంతకం. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో పెల్లెట్ల ఓడ నుంచి సరుకు దించుతుండగా, మూసి ఉన్న మెట్లదారిలోకి దిగిన నావికుడు ఒకరు చనిపోయారు. టన్నులకొద్దీ ఒకేచోట పోసుకునేవాళ్లు ముందు గాలి ఆడనివ్వకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకూడదు. మా పెట్టెకి మూత కింద వేలు మందాన సందు వదిలాం. హాల్లో మోనాక్సైడ్ అలారం ఎలాగూ ఉంది, స్టవ్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిందే.

మిగతా బస్తాలన్నీ వెనక షెడ్డులో ఉంటాయి. నేల మీద కాకుండా చెక్క పాలెట్ (పలకలు కొట్టి చేసిన ఎత్తు పీట) మీద, గోడకి బెత్తెడు ఎడంగా, అయిదు వరసలకి మించకుండా. బస్తాకి సన్నటి గాలి రంధ్రాలుంటాయి కాబట్టి, ప్లాస్టికే కదా అని వానలో వదిలేస్తే లోపలికి నీళ్లు దిగుతాయి. షెడ్డులోంచి తెచ్చిన చల్లటి బస్తాని వెంటనే విప్పం. వెచ్చటి గదిలో చల్లటి వస్తువు మీద చెమ్మ పడుతుంది కదా, అది బస్తా మీద పడనిచ్చి, ఒక రాత్రి తలుపు పక్కన ఉంచి, తుడిచి, మర్నాడు పోస్తాం. పోసేటప్పుడు పై నుంచి దబ్బున కుమ్మరించకుండా బస్తా మూతిని పెట్టె లోపలికంటా దించి వదిలితే పొడి తక్కువ రేగుతుంది, పెల్లెట్లు తక్కువ విరుగుతాయి. ఇది మావారికి అలవాటు చేయడానికి నాలుగు బస్తాలు పట్టింది.

స్కూపు ఒక్కటే కొన్నది. సన్న మూతి, పొడుగు పిడి, కిలోకి సరిగ్గా సరిపోయే లోతు. పెద్దది కొంటే తక్కువసార్లలో పని అయిపోతుందని షాపులో చెప్పారు. కానీ ఎడమచేత్తో భుజం ఎత్తు దాకా లేపాల్సిన మనిషికి కిలో చాలు. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు.

పోయిన వారం గమనించాను. స్కూపు తగిలించే కొక్కెం పెట్టెకి కుడిపక్కన ఉంది. నేను కుడిచేతివాటం కాబట్టి చూసుకోకుండా అక్కడే బిగించేశాను. అత్తయ్య రోజూ ఎడమచెయ్యి పెట్టె ముందు నుంచి అడ్డంగా చాపి, దాన్ని అందుకుంటోంది. రెండేళ్లుగా ఒక్కసారీ చెప్పలేదు. అడిగితే "దానికేముంది" అంది. కొక్కెం విప్పాను. ఎడమపక్కన, నేలకి 64 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ గీత పెట్టి ఉంచాను. రేపు ఆదివారం, డ్రిల్లు తీస్తాను.